వరద వస్తుందంటే వణికిపోతున్నాను, నాకు రక్షణ ఉన్నట్టేనా?

ప్రశ్న

అయ్యగారికి వందనాలు. మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. పెళ్లయి ఈ ఊరు వచ్చాక ప్రభువును తెలుసుకుని బాప్తిస్మం తీసుకున్నాను. ఏటా జూలై వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని టీవీలో చెబితే చాలు, అన్నం సహించదు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక అన్నాక ఇక నిద్ర ఉండదు. మోకాళ్లూని ప్రార్థన చేస్తాను గానీ, చేస్తున్నంతసేపూ చెవి బయట నీటి చప్పుడు మీదే ఉంటుంది.

2022 వరదలో నీరు మా ఇంటి రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది. నాలుగిళ్ల అవతల ఉండే అక్క వాళ్లింట్లో నడుము లోతు నిలిచింది. వాళ్లూ మా సంఘమే, మాకంటే ముందు నుంచీ విశ్వాసులు. తర్వాత ఆదివారం మా అత్తయ్యగారు లేచి, మేము ప్రార్థన చేశాం గనుక దేవుడు నీటిని మా గడప తొక్కనివ్వలేదని సాక్ష్యం చెప్పారు. ఆ అక్క తల దించుకుని కూర్చుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆరాధనకు రాలేదు.

మొన్న మళ్లీ వరద వస్తోందని ఊరు ఖాళీ చేయమన్నారు. అత్తయ్యగారు "దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లం పారిపోతామా?" అని కదల్లేదు. ఆవిడకు తోడుగా మావారు ఉండిపోయారు. నేను పిల్లలిద్దర్నీ తీసుకుని పడవ ఎక్కి పునరావాస కేంద్రానికి వెళ్లిపోయాను. తెల్లారేసరికి వరద తగ్గుముఖం పట్టింది, నీరు మా వీధిలోకి రానేలేదు. అప్పటి నుంచి ఇంట్లో నాకు అల్పవిశ్వాసి అని పేరు. దానికి తోడు, భయం ఉన్నచోట విశ్వాసం ఉండదని, విశ్వాసం లేనివాళ్లకు పరలోకం లేదని ఫోన్‌లో ఒక ప్రసంగం విన్నాను. ఇప్పుడు నాకు వరద కంటే ఆ మాటే ఎక్కువ భయంగా ఉంది. ఇంతగా భయపడే నేను నిజంగా రక్షణ పొందానా? ఈ రాత్రి చనిపోతే ప్రభువు దగ్గరికి వెళతానా?

ఒక సోదరి, కోనసీమ

సమాధానం

చెల్లెమ్మా, వందనాలు. మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మీ భయం, మీరు పడవ ఎక్కడం, ఆ అక్క ఇల్లు. చివర మీరు అడిగింది అన్నిటికంటే పెద్దది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీరు మీ పాపాలు ఒప్పుకుని యేసుక్రీస్తును నమ్ముకున్నారు. ఈ రాత్రి కన్నుమూసినా ఆయన దగ్గరికే వెళతారు. వరద రోజుల్లో మీకు పట్టే వణుకు వల్ల ఈ మాట మారదు.

మీ మనసు కుదుటపడాలని ఊరికే అంటున్న మాట కాదిది. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు తన గొర్రెల గురించి చెప్పింది తీసి చదవండి: "నేను వాటికి నిత్యజీవము నిచ్చుచున్నాను గనుక అవి ఎన్నటికిని నశింపవు, ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు." ఇక్కడ గొర్రె ధైర్యం గురించి ఒక్క మాట లేదు. ఉన్నదంతా కాపరి చేతి గురించే. ఆ వెంటనే తండ్రి చేతి గురించి కూడా చెప్పి, అందులోంచి ఎవరూ లాక్కోలేరన్నాడు. మీరు ఆయన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారన్నదాని మీద ఆధారపడితే నాకూ, మీ అత్తయ్యగారికీ, ఫోన్‌లో ప్రసంగించిన ఆ సేవకుడికీ కూడా నిలిచే దారి లేదు.

ధవళేశ్వరం లెక్కలు మీకు తెలిసినవే. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె అక్కడి స్కేలు చూసి చెబుతారు. లంకలో ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసి చెప్పరు. మీరు హడలిపోయారని గోదావరి అంగుళం పెరగదు, పక్కింటాయన నిశ్చింతగా పడుకున్నాడని అంగుళం తగ్గదు. దేవుని ముందు మన స్థితీ అలాగే. దాని కొలత సిలువ దగ్గర ఉంది, క్రీస్తు చనిపోయి లేచినప్పుడే అది తేలిపోయింది. జూలైలో మీకు నిద్ర పట్టిందా లేదా అన్నదాంతో ఎవరూ దాన్ని తిరిగి కొలవరు.

ఇక ఆ ప్రసంగం సంగతి. భయం ఉన్నచోట విశ్వాసం ఉండదనే మాటకు మామూలుగా రెండు వచనాలు చూపిస్తారు. ఒకటి 1 యోహాను 4:18, పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందన్నది. దాని పై వచనం తీర్పు దినం గురించి. అదే వచనంలో భయం దండనతో కూడినదని ఉంది. అంటే దేవుడు నన్ను శిక్షిస్తాడేమోనన్న భయం గురించి యోహాను రాశాడు. ఏటిగట్టు తెగుతుందేమోనన్న భయం గురించి అక్కడ ఏమీ లేదు. ఎంత విచిత్రమో చూడండి, చెల్లెమ్మా. దండన భయాన్ని తీసేయడానికి రాసిన వచనాన్ని పట్టుకుని మీలో దండన భయం పుట్టించారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. రెండోది 2 తిమోతి 1:7, దేవుడు మనకు పిరికితనపు ఆత్మ ఇవ్వలేదన్నది. అక్కడ పౌలు జైల్లో ఉండి, తన సంకెళ్లను చూసీ సువార్తను చూసీ సిగ్గుపడొద్దని యువకుడైన తిమోతికి చెబుతున్నాడు. అది కూడా వరదకు వణికిన తల్లిని తప్పుపట్టే మాట కాదు.

ఆ పౌలే కొరింథువాళ్లకు రెండో పత్రిక రాస్తూ, మాసిదోనియకు వచ్చినప్పుడు తమకు బయట పోరాటాలు, లోపల భయాలు ఉన్నాయని దాచకుండా ఒప్పుకున్నాడు. దావీదు గాతులో శత్రువుల చేత చిక్కినప్పటి కీర్తన 56. అందులో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటాడు. ఆ రోజు భయమూ వచ్చింది, ఆశ్రయించడమూ జరిగింది. భయం పోయాక వస్తానని దావీదు ఆగలేదు. మీరు చెవి నీటి చప్పుడు మీద పెట్టి చేసిన ప్రార్థన సరిగ్గా ఇదే కదా! దాన్ని మీరు లోపమనుకుంటున్నారు, నాకు అది కీర్తన 56లా వినిపిస్తోంది.

మీకు ఇంట్లో పెట్టిన పేరు గురించి కూడా ఒక మాట. గలిలయ సముద్రంలో మునిగిపోతున్న పేతురుకు ప్రభువు పెట్టిన పేరూ అదే, అల్పవిశ్వాసి. కానీ మత్తయి 14వ అధ్యాయంలో వరుస గమనించండి. పేతురు గాలిని చూసి భయపడ్డాడు, మునగసాగాడు, "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేశాడు. ప్రభువు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. ఎందుకు సందేహపడ్డావని అడిగింది ఆ తర్వాత. మందలింపు ఉంది, నిజమే. అది కూడా పట్టుకున్న చెయ్యి వదలకుండా అన్న మాటే. అంత చిన్న విశ్వాసంతో పిలిచినా ఆయన వచ్చాడు.

ఒకసారి పొందిన రక్షణను పోగొట్టుకోవచ్చా లేదా అన్నదాని మీద మన సంఘాల మధ్య చాలాకాలంగా భేదాభిప్రాయం ఉంది. హెబ్రీ పత్రిక 6, 10 అధ్యాయాల్లోని హెచ్చరికలను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఆ వాదనలోకి నేను వెళ్లను. అయితే ఏ వైపు నుంచి చదివినా ఆ హెచ్చరికలు క్రీస్తును కావాలని తోసేసి వెళ్లిపోయే వాళ్లకు సంబంధించినవి. వణుకుతూ ఆయన్నే పిలిచే వాళ్లను ఉద్దేశించి రాసినవి కావు.

రెండో సంగతికి వస్తాను. దేవుడు కాపాడతానని మాట ఇచ్చాక మనిషి చేయవలసింది ఏమైనా ఉంటుందా? దీని మీద బైబిల్‌లో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. మీరూ, మీవారూ కలిసి మొత్తం ఒకసారి చదవండి. నీళ్ల మధ్య బతికే మనకు అది బాగా అర్థమవుతుంది.

ఖైదీగా ఉన్న పౌలును రోమాకు ఓడలో తీసుకెళుతున్నారు. క్రేతు దగ్గర ఆగిపోదామని అతను ముందే చెప్పాడు, వినలేదు. తుఫాను పట్టుకుంది. ఎన్నో రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. అప్పుడు లూకా ఒక మాట రాశాడు, మేము ప్రాణాలతో బయటపడతామన్న ఆశ బొత్తిగా పోయిందని. "మేము" అంటున్నాడు చూడండి. సువార్త రాసిన లూకా, పౌలుతో కలిసి తిరిగిన లూకా, తనను కూడా ఆ లెక్కలో కలుపుకున్నాడు. దేవదూత పౌలు దగ్గరికి వచ్చి మొదట అన్న మాట భయపడొద్దని. భయం లేనివాడితో ఎవరూ ఆ మాట అనరు. ఆ తర్వాత వాగ్దానం వచ్చింది, ఓడలో ఉన్న వాళ్లలో ఒక్కరి ప్రాణం కూడా పోదని, ఓడ మాత్రం పోతుందని.

ఆ మాట తర్వాత పౌలు ఏం చేశాడో చూడండి. ఓడవాళ్లు లంగర్లు వేస్తున్నట్టు నటిస్తూ చిన్న పడవ దించుకుని జారుకోబోతుంటే, పౌలు శతాధిపతిని పిలిచి, వీళ్లు ఓడలో ఉంటేనే తప్ప మీరు బతకలేరని హెచ్చరించాడు. అందరూ బతుకుతారని దేవుడు చెప్పేశాడు కదా, ఇక ఎవరు పోతే ఏమిటని అతను అనుకోలేదు. పద్నాలుగు రోజులుగా సరిగా తిండి లేని వాళ్లందరినీ కూర్చోబెట్టి, ప్రాణం నిలవాలంటే తినండని బతిమాలాడు. కృతజ్ఞత చెల్లించి తనే ముందు రొట్టె విరిచి తిన్నాడు. తిన్నాక గోధుమలను సముద్రంలో పారేసి ఓడ బరువు తగ్గించారు. చివరికి ఓడ ఇసుక తిప్పకు తగిలి బద్దలైతే, ఈత వచ్చిన వాళ్లు ముందు దూకారు, రాని వాళ్లు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. 276 మందీ మెలితే ద్వీపం మీద ప్రాణాలతో నిలబడ్డారు. దేవుడు తన మాట అలా నెరవేర్చాడు. ఈత ద్వారా, చెక్కముక్కల ద్వారా.

మీకు వచ్చిన పడవ కూడా అలాంటిదే. అది ప్రభుత్వం పంపిన పడవ, దాన్ని నడిపిన మనిషి ఏ నమ్మకం వాడో కూడా మీకు తెలియకపోవచ్చు. అయినా అది దేవుడు ఏర్పాటు చేసిన దారే. హేరోదు పిల్లల్ని చంపించబోతున్నప్పుడు యోసేపు రాత్రికి రాత్రే శిశువైన యేసునూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు వెళ్లిపోయాడు. వెళ్లమని చెప్పింది దేవదూతే. పిల్లల్ని తీసుకుని ప్రమాదం నుంచి పక్కకు వెళ్లడం అవిశ్వాసమైతే ముందు యోసేపును తప్పుపట్టాలి. నీరు రాలేదు కదా, అనవసరంగా వెళ్లావన్న మాట కూడా పట్టించుకోకండి. రాత్రి మీకు తెలిసింది హెచ్చరిక మాత్రమే. తెల్లారి తగ్గుతుందని అప్పుడు ఎవరికీ తెలియదు. గట్లు ఎంత బలంగా కనిపించినా 2006 ఆగస్టులో కోనసీమలో ఏటిగట్లకు గండ్లు పడ్డాయి. ఆ సంగతి మీ ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు.

వాగ్దానం ఉంది కదా అని ప్రమాదంలో నిలబడమనే మాట మొదట ఎవరు అన్నారో మత్తయి 4వ అధ్యాయంలో ఉంది. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను పట్టుకుంటారని కీర్తన 91 వచనం చూపించింది శోధకుడు. ప్రభువు ఆ వచనాన్ని కాదనలేదు. దేవుణ్ణి శోధించవద్దని మాత్రం జవాబిచ్చాడు. మీ అత్తయ్యగారు శోధకుడి పక్షమని నేను అనడం లేదు, ఆ మాట మీరు కూడా ఎన్నడూ అనకండి. పెద్దవాళ్లు ఇల్లు కదలకపోవడానికి చాలా కారణాలుంటాయి. పాకలో గేదె ఉంటుంది, ధాన్యం బస్తాలుంటాయి, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య స్కూలు గదిలో పడుకోవడం, బాత్‌రూమ్‌కు లైన్‌లో నిలబడటం చిన్నతనంగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో పడవ ఎక్కడం దిగడం మాటలు కాదు. ఇవన్నీ పైకి చెప్పుకోలేక విశ్వాసం పేరు చెప్పే పెద్దవాళ్లు మన సంఘాల్లో తక్కువేమీ లేరు. ఆవిడతో వచనాల మీద వాదించే కంటే, ఏది కష్టంగా ఉందత్తయ్యా అని అడిగితే అసలు సంగతి బయటికి రావచ్చు.

గోదావరి జిల్లాల్లో ఇంటింటా గౌరవించే కాటన్ దొర కూడా భక్తిపరుడైన క్రైస్తవుడే. కరవూ, వరదా ఒకదాని వెంట ఒకటి ఈ డెల్టాను ఎలా పీడించాయో చూసినవాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. దేవుడే చూసుకుంటాడని ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు, కాబట్టే కోనసీమలో ఈ రోజు అన్నం పండుతోంది. మనకు ఇప్పుడు ఇంకో మేలు కూడా ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం దాకా దిగడానికి పట్టే ఆ గంటలు మనకు దొరికే సమయం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డప్పుడు చాలామందికి ఇలాంటి వ్యవధి దొరకలేదు, వేలమంది పోయారు. ముందుగా తెలియడం, తెలిశాక కదలగలగడం దేవుని కృపే. ఆ కృపను వాడుకున్నందుకు మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక మూడోది, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినది. ఆ అక్క తల దించుకోవడం.

వరద తగ్గిన తర్వాత ఆదివారం సాక్ష్యాలు చెప్పుకోవడం మన సంఘాల్లో మంచి అలవాటే. బతికి బయటపడ్డవాళ్లు కృతజ్ఞత చెప్పకుండా ఎలా ఉంటారు? కానీ ‘మేము ప్రార్థన చేశాం గనుక’ అన్న ఒక్క మాట ముందు పెడితే, నాలుగిళ్ల అవతల మునిగినవాళ్లు ప్రార్థన చేయలేదనో, చేసినా దేవుడు వినలేదనో అర్థం వచ్చేస్తుంది. చెప్పినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండదు, విన్నవాళ్ల గుండెలో మాత్రం దిగిపోతుంది. లూకా 13వ అధ్యాయంలో ప్రభువు ఇలాంటిదాన్నే సూటిగా పట్టుకున్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే చెప్పాడు. ఎవరి ఇల్లు మునిగిందో చూసి ఎవరి భక్తి ఎంతో లెక్క కట్టే దారిని ఆయన అక్కడే మూసేశాడు. రెండో మెట్టు దగ్గర నీరు ఆగడానికి మీ ఇంటి నేల కాస్త ఎత్తుగా ఉండటం కూడా ఒక కారణమే కదా. దానికి దేవుణ్ణి స్తుతించండి, తప్పేమీ లేదు. దాన్ని మీ విశ్వాసానికి వచ్చిన మార్కులుగా మాత్రం చూడకండి.

బండ మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం ఆదివారం బడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. అయినా చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. వాన, వరద, గాలి బండ మీద కట్టిన ఇంటి మీదికీ, ఇసుక మీద కట్టిన ఇంటి మీదికీ వచ్చాయి. బండ మీద కట్టుకున్నవాడి వీధిలోకి వరద రాలేదని ప్రభువు చెప్పలేదు. అందుకే ఆ అక్క ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచినా ఆమె బండ మీద ఉండవచ్చు, మన ఇల్లు పొడిగా ఉన్నా మనం ఇసుక మీద ఉండవచ్చు. పైగా మన కోనసీమంతా ఒండ్రు మట్టి, ఇసుక. ఇక్కడ ఎంత తవ్వి పునాది వేసినా బండ తగలదు. ఈ నేల మీద పక్కా ఇల్లు కట్టినా, అరుగు ఎంత ఎత్తు లేపినా, ఏదో ఒక ఏటి వరద దాన్ని దాటగలదు. ప్రభువు చెప్పిన బండ మరొకటి, తన మాటలు విని వాటి ప్రకారం చేయడం.

ఇక్కడ భయపడే మీకంటే భయం లేనివాళ్లకు చెప్పవలసింది ఎక్కువ ఉంది. లంకల్లో పెద్దవాళ్ల నోట తరచు వినపడే మాట ఒకటి, 86లోనే మా ఇంట్లోకి రాలేదు, ఇప్పుడేం వస్తుందని. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కుల దాకా నీరు. 2022 జూలైలో అక్కడ 71.3 అడుగులు, ఇక్కడ 25 లక్షల క్యూసెక్కులకు పైన. అంకె చూస్తే పాతదే పెద్దది. అయినా నది ప్రతిసారీ ఒకే దారిన రాదు, లంక కోసుకుపోతుంది, పాయ మళ్లుతుంది, గట్టు ఒకచోట బలహీనపడుతుంది. పాత వరదలో తప్పించుకున్నాం కాబట్టి ఇకమీదట కూడా క్షేమమేనన్న ధీమా చాలామందిని ముంచింది. ఆత్మ విషయంలో కూడా ఈ ధీమా ఉంది. మా తాతల కాలం నుంచీ క్రైస్తవులమే, నాన్నగారు సంఘ పెద్ద, నేను ఫలానా సంవత్సరంలో బాప్తిస్మం తీసుకున్నాను, ఫలానా జబ్బు ప్రార్థనతో తగ్గింది. ఇవన్నీ మంచివే. ఇల్లు కట్టినవాడి ఉపమానానికి సరిగ్గా ముందు, నీ పేరున ప్రవచించాం, అద్భుతాలు చేశాం అంటూ వచ్చినవాళ్లతో ప్రభువు, మిమ్మల్ని ఎన్నడూ ఎరుగనని అంటాడు. వాళ్లలో ఎవరికీ భయం లేదు. వాళ్లకు చాలా నిశ్చయత ఉంది, తాము చేసినవాటి మీద.

అందుకే, నిజంగా రక్షణ పొందానా అని మిమ్మల్ని మీరు అడుగుకోవాలనిపిస్తే భయం ఉందా లేదా అని చూసుకోకండి. నేను ఎవరిని ఆశ్రయిస్తున్నాను, ఆయన మాట నా బతుకులో ఎక్కడైనా పనిచేస్తోందా అని చూసుకోండి. నమ్మినవాళ్లు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే తన మొదటి పత్రిక రాశానంటాడు యోహాను. అందులో ఆయన ఇచ్చిన గుర్తుల్లో ఒకటి మూడో అధ్యాయంలో ఉంది. సహోదరులను ప్రేమిస్తున్నాం కాబట్టి మరణంలోంచి జీవంలోకి దాటామని తెలుసుకుంటున్నాం అంటాడు. ఆ ఆదివారం మీ అత్తయ్యగారి సాక్ష్యానికి అందరూ హల్లెలూయా అంటున్నప్పుడు మీ కళ్లు ఆ అక్క మీద ఉన్నాయి. ఇన్నాళ్ల తర్వాత కూడా మీరు ఆమెను మరిచిపోలేదు. ఆ గుర్తు మీలో ఉంది, చెల్లెమ్మా.

ఇక మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. వచ్చే వర్షాకాలం దాకా ఆగకండి. ఆధార్ కార్డులు, పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, మీ అత్తయ్యగారి మందుల చీటీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచుకోండి. ఏ హెచ్చరికకు ఇల్లు వదలాలో మీవారితో ఇప్పుడే, నది మామూలుగా ఉన్న రోజుల్లోనే మాట్లాడి తేల్చుకోండి. నీరు ముంగిట్లోకి వచ్చాక తీసుకునే నిర్ణయాల్లో సగం గొడవలే ఉంటాయి. ముందే తేల్చుకుంటే మీ టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది. వరద వార్తలు రోజుకు రెండు మూడుసార్లు చూస్తే చాలు, రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. వరద లేని నెలల్లో కూడా నిద్ర పట్టక, గుండె దడ, ఆయాసం ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అది కూడా అవిశ్వాసం కాదు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు పొడవైన ప్రార్థన రాకపోతే పేతురు అన్న మూడు మాటలు చాలు.

మీ అత్తయ్యగారికి ఈ ఉత్తరం చూపించి నేనే గెలిచానన్నట్టు చేయకండి. ఆవిడ ప్రార్థించే మనిషి, మీ పిల్లల కోసం కూడా ప్రార్థిస్తున్నారు. ఈసారి వెళ్లాల్సి వస్తే ఆవిడ గేదెను ఏటిగట్టు మీదికి ఎవరు తోలాలి, కేంద్రంలో ఆవిడకు మంచం లాంటిది దొరుకుతుందా, ఇవి మీరే ముందుగా చూసి పెట్టండి. దారి సుళువైతే ఆవిడ కదలవచ్చు. మీ సంఘ కాపరి అయ్యగారితో కూడా ఒకసారి మాట్లాడండి. లంకలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, గర్భిణులు, నడవలేనివాళ్లు ఎవరెవరు ఉన్నారో, మొదటి హెచ్చరిక రాగానే ఎవరు ఎవరిని పడవ దాకా చేర్చాలో సంఘం ముందే రాసి పెట్టుకుంటే బాగుంటుంది. అందులో మన విశ్వాసుల ఇళ్లే ఉండాలని లేదు, ఊరందరి పేర్లూ రాయండి. సాక్ష్యాల సమయంలో ముందుగా మునిగిన ఇళ్ల పేర్లు చదివి వాళ్ల కోసం ప్రార్థించి, ఆ తర్వాతే మిగతావాళ్లు మాట్లాడే పద్ధతి పెట్టమని ఆయన్ని అడగండి. చాలామంది అయ్యగార్లు ఈ మాట సంతోషంగా వింటారు.

అన్నిటికంటే ముందు ఆ అక్క ఇంటికి వెళ్లండి. వచనాలేమీ పట్టుకెళ్లకండి. 2022లో వాళ్లింట్లో ఏమేం పోయాయో, గోడలు ఆరడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఆ నెలలన్నీ ఎలా గడిపారో అడిగి కూర్చుని వినండి. ఆ ఆదివారం మీకు బాధ కలిగిందని కూడా చెప్పండి. ఆమె సంఘానికి తిరిగి వచ్చిందో లేదో మీ ఉత్తరంలో లేదు. రాకపోతే, రమ్మని పిలవాల్సింది మీరేనని నాకనిపిస్తోంది. వెళ్లి వచ్చాక వీలుంటే మళ్లీ రాయండి. మీ ఇద్దరి కుటుంబాల కోసం ప్రార్థిస్తుంటాను.